ఎడమ కాలు

కార్మెలో వంతెన దాటాక రెండో మలుపు.
ఎదురుగా ఆవుల మంద.
క్లచ్ తొక్కాను.
కాలి కింద ఏమీ లేదు,
చీకట్లో, లేని మెట్టు మీద అడుగేసినట్టు.

టక్‌మని ఒక్కటే చప్పుడు, వేరుశెనగ కాయ ఒలిచినంత.
బ్రేకు మీద నిలబడ్డాను.
బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి
ఆఖరి ఆవు తోకకి జానెడు దూరంలో చచ్చింది.
వెనక డబ్బాల్లో సంతకి పోవాల్సిన జున్ను
ఒక పక్కకి ఒరిగింది.

ఎల్బియో నా మొహం చూడలేదు. నా కాలు చూశాడు.
"చెప్పానా" అన్నాడు.

పంతొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు.
యాభై ఒకటో సంవత్సరం షెవ్రొలే, నీలం రంగు, వాళ్ల నాన్న కొన్నది.
దాంట్లో ఏది అరిగినా నా ఎడమ కాలే అరగదీసింది.
పెడల్ మీద కాలు ఆనించి నడుపుతానట.
గేరు గీరుకుంటే నా కాలు.
మాడు వాసనొస్తే నా కాలు.
ఓసారి హెడ్‌లైటు ఆరిపోయినా
ముందు నా చెప్పు వంకే చూశాడు.

యూకలిప్టస్ నీడలోకి తోశాం.
పాల లారీ కుర్రాడు కబురు మోసుకెళ్లాడు.
గంటకి యనీనా వచ్చింది మోపెడ్ మీద,
భుజాన పనిముట్ల సంచి, పళ్ల మధ్య బిస్కెట్టు.
"ప్లేటు కాలిపోయింది, ఈవిడ..." అని ఎత్తుకున్నాడు ఎల్బియో.
"ఆగండి. ముందు బండిని చెప్పనివ్వండి."
గోనెపట్టా పరిచి కిందకి జారింది.
బయట రెండు బూట్లు మిగిలాయి. మాటలు నేలలోంచి వచ్చాయి.

"నొక్కండి, నిల్దా."
నొక్కాను.
"వదలండి. పైకొస్తోందా?"
వస్తోంది, బరువు లేకుండా, ఖాళీ బిందె తేలినట్టు.
"అయితే స్ప్రింగు బతికే ఉంది. మళ్లీ."
నొక్కాను.
"కడ్డీ కదులుతోంది. అడ్డ ఇరుసు కదలట్లేదు."
కాసేపు మౌనం. ఇనుము మీద ఇనుము.
"ఫోర్కుని చేత్తో తోస్తున్నా. గట్టిగా ఎదురు తిరుగుతోంది.
నిన్నటిదాకా ఎత్తు ఎక్కేటప్పుడు జారేదా?"
"లేదు."
"అయితే లోపల రోగం లేదు.
చేతులు కలుపుకోవాల్సిన చోట ఎవరో వదిలేశారు."

కారు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.
నూనె మరకల అరచేతిలో సగం మేకు.
కంచె గుంజలకి కొట్టే మేకు. తల ఉంది, మొన లేదు.
తెగినచోట మాత్రం తళుక్కుమంటోంది,
మిగతాదంతా నల్లగా, నడుం సన్నగిల్లి.
"పిన్ను కన్నంలో ఇది పెట్టిందెవరు?
కన్నం కోడిగుడ్డులా సాగిపోయింది."

ఎల్బియో ఫ్లాస్కు మూత తిప్పాడు.
మాతే బుర్రలోకి నీళ్లు వంచాడు,
అవసరమైనదానికంటే నెమ్మదిగా.
"ఆ ఏడు వరదలు," అన్నాడు బుర్రతోనే.
"ఇల్లు చేరడానికని పెట్టా. ఆ ఒక్క పూటకి."
"ఏ ఏడు?"
"లేతీసియా ఇంకా కడుపులో ఉంది."

ఆడలేక మద్దెల ఓడంటారని నవ్వుతుంది లోకం.
ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు.
ఓడు చేసినవాడే పక్కన కూర్చుని
నా అడుగుల్లో తప్పులు లెక్కపెట్టాడు.
కోపం వస్తుందని కూర్చున్నాను.
దానికీ ఎక్కడో లింకు తెగినట్టుంది.

"ఈ సైజు పిన్ను నా దగ్గర లేదు" అంటూ
యనీనా సంచంతా గడ్డిలో కుమ్మరించింది.
నాగలి బోల్టు ఒకటి దొరికింది. రెండు చుట్లు తీగ.
"ఇల్లు చేరడానికి" అంది,
అని, నాలుక కరుచుకుంది.
ముగ్గురం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.
సుద్దముక్క అడిగి తీసుకుని
డోరు లోపలివైపు తారీఖు రాశాను, పెద్ద అక్షరాల్లో,
ఎల్బియో మోకాలికి ఎదురుగా.

నొక్కాను.
కాలి కింద బరువు తిరిగొచ్చింది,
మంచి రొట్టెపిండిలా, వేళ్లకి జవాబు చెబుతూ.

ఊరు దగ్గరపడ్డాక అడిగాడు,
"ఆ మేకు ముక్క పారేశావా?"
అది నా పర్సులో ఉంది.
మూడో గేరు వేశాను. చప్పుడు కూడా రాలేదు.